పెడల్ మీద పిల్లి

వెనక సీటు సందులో వేళ్ళు దూర్చి లాగితే మొదట బిస్కెట్ పొడి వచ్చింది, తరవాత పళ్ళు కుట్టుకునే పుల్ల, ఆ తరవాత ఆయన పెన్ను మూత. ఆ మూత పోయిందని కిందటి వారం నా చేత ఇల్లంతా వెతికించారు. ‘ఎక్కడ పెట్టావో గుర్తు తెచ్చుకో’ అని నన్నే అడిగారు. దాన్ని కొంగుకి తుడిచి డాష్‌బోర్డు మీద పెట్టాను.

ఆదివారం పొద్దున్న మా ఇంట్లో అందరూ ఆలస్యంగా లేస్తారు. కాబట్టి నేను పెందలాడే లేచి కారు తుడుస్తాను. ఒక బకెట్టు, ఆయనవి రెండు పాత బనీన్లు, మూలల కోసం అరిగిపోయిన టూత్‌బ్రష్షు. అది చిన్న సెడాన్ కారు. కొనేటప్పుడు ఇద్దరం సంతకాలు పెట్టాం. కొన్నాక అది ఆయన కారు అయింది, అందులో మురికి నాది అయింది. ఎవరూ కూర్చుని పంచలేదు, దానంతటదే అలా సర్దుకుంది. ఇంట్లో చాలా పంపకాలు అలాగే జరుగుతాయి. ఒకరోజు మనం వంగి ఏదో తీస్తాం, అంతే, ఆ వంగడం మన పేరు మీద రిజిస్టరైపోతుంది.

కారు తుడవడానికి ఒక నియమం ఉంది. కొన్న కొత్తల్లోనే ఆయన వేలెత్తి మరీ చెప్పారు. “ఇదిగో, తుడవడం నీ పని, నొక్కడం నా పని. ఏ బటనూ నొక్కకు. ఇది బట్టలుతికే మెషీను కాదు.” బట్టలుతికే మెషీనులో ఎన్ని బటన్లున్నాయో ఆయనకి తెలియదు. అందులో ఉన్నిబట్టలకి వేరే, దుప్పట్లకి వేరే, మామూలు వాటికి వేరే ఉంటుంది.  అద్దాల అంచులు తుడవాలంటే వాటిని దించాలి, దించాలంటే బండి ఆన్‌లో ఉండాలి కాబట్టి అంతవరకు మాత్రం నాకు అనుమతి ఉంది.

గేరు పక్కన ఒక బటన్ ఉంది. దాని చుట్టూ సన్నటి గాడి. ఆ గాడిలోనే దుమ్మంతా చేరుతుంది. ఆ రోజు బనీను కొస మెలిపెట్టి గాడిలో తిప్పుతుంటే బటన్ కిందకి దిగింది, టిక్కుమంది. బనీను తీస్తుంటే ఇంకోసారి టిక్కుమంది. స్టీరింగు వెనకాల, మీటరు ఎడమ మూల, ఎప్పుడూ ఆకుపచ్చగా ఉండే అక్షరాలు ఎర్రగా మారాయి.

అవి ఏమిటో నాకు తెలుసు. కారు ఇంటికి తెచ్చుకున్న రోజున షోరూమ్‌లో ఒక అమ్మాయి అన్నీ వివరంగా చెప్పింది. అప్పుడు ఆయన బానెట్ ముందు నిలబడి ఫోటోలు దిగుతున్నారు, అత్తయ్య సీట్ల మీద ప్లాస్టిక్ కవరు తీయొద్దని పనివాళ్ళతో పోట్లాడుతున్నారు, మావయ్యగారు బాత్రూమ్ ఎక్కడని వెతుక్కుంటున్నారు. వినడానికి మిగిలింది అందరి సంచులూ పట్టుకుని నిలబడ్డ నేనే. “ఇది ఎకో మేడమ్, పొదుపు. ఇది నార్మల్, మామూలుగా తిరగడానికి. ఇది స్పోర్ట్. కాలు కొంచెం ఆనిస్తే చాలు, బండి వెంటనే అందుకుంటుంది. పెద్ద రోడ్డులో కలిసేటప్పుడు, ఎత్తు ఎక్కేటప్పుడు వాడుకోండి, భయపడకండి. ఆపేసినా ఏది పెడితే అందులోనే ఉంటుంది” అని చెప్పి, “మీరే నడుపుతారా?” అని అడిగింది. నేను సంచి ఈ చేతిలోంచి ఆ చేతిలోకి మార్చుకున్నాను.

కొన్నాక ఆయన కనపడ్డవాళ్ళందరికీ ‘స్పోర్ట్ మోడ్ ఉన్న బండి’ అని చెప్పుకున్నారు. నొక్కింది మాత్రం ఒక్కసారి కూడా లేదు. అత్తయ్య దాన్ని ఆటల బటను అంటారు. “కారుకి ఆటలెందుకురా, నొక్కామంటే అదే పరుగెత్తుకుపోతుందేమో” అని ఆవిడ భయం. దాంతో బండి ఎప్పుడూ ఎకోలోనే, పథ్యం తింటున్న మనిషిలా నడిచేది.

ఎర్ర అక్షరాలు చూసి బనీను పక్కన పెట్టాను. మళ్ళీ నొక్కితే ఆకుపచ్చకి వస్తుందని తెలుసు. కానీ నియమం ఉందిగా. పొరపాటున నొక్కడం వేరు, కావాలని నొక్కడం వేరు. చేతులు కడుక్కుని లోపలికి వెళ్ళాను. ఆయన మంచం మీదే ఫోన్ చూస్తూ పడుకుని ఉన్నారు.

“ఏవండీ, బండి తుడుస్తుంటే ఆ బటన్...”

“ఏం విరగ్గొట్టావు?”

“విరగ్గొట్టలేదండీ, మోడ్ మారి...”

“విరగలేదుగా? అయితే టీ పెట్టు.”

టీ పెట్టాను.

మీరనుకోవచ్చు, మీటరు మీద అంత ఎర్రగా వెలుగుతుంటే బండి నడిపే మనిషికి కనపడదా అని. కనపడదు. ఆయన ఫోన్ పెట్టుకునే స్టాండు ఒకటి సరిగ్గా ఆ మూలకి అడ్డంగా అంటించుకున్నారు. ఇంటి నుంచి ఆఫీసుకి దారి తెలియక కాదు. ఫోన్‌లో బాణం గుర్తు తనని అనుసరించి కదులుతుంటే ఆయనకి ముచ్చట.

నేను ఎందుకు నడపడం లేదో కూడా చెప్పాలి. నాకు లైసెన్సు ఉంది. పల్లెలో ఉన్నప్పుడు, సీటు అందని పెద్ద సైకిల్ని కమ్మీ కింద నుంచి కాలు దూర్చి తొక్కుకుంటూ బడికి వెళ్ళినదాన్ని, చక్రాలంటే నాకు భయం లేదు. డ్రైవింగ్ స్కూల్లో నేర్చుకున్నాను, పరీక్షలో మొదటిసారే పాసయ్యాను. ఆ తరవాత ఆయన, “ఆ స్కూళ్ళలో ఏం నేర్పుతారు, అసలు డ్రైవింగ్ నేను నేర్పుతాను” అన్నారు. ఒక సెలవురోజు నన్ను స్టీరింగు ముందు కూర్చోబెట్టారు. పక్క సీట్లో ఆయన, వెనక అత్తయ్య. అత్తయ్య ఎందుకంటే, ‘వాడికి ఏమైనా అయితే’ అని. ఆవిడ ఉంటే ఏమీ కాదని ఎవరు చెప్పారో తెలియదు.

“యాక్సిలరేటర్ మీద పిల్లి నిద్రపోతోందనుకో” అన్నారు ఆయన. “అది లేవకూడదు. అంత మెల్లగా నొక్కాలి.”

పిల్లి లేవకుండా వీధి దాటాను. పిల్లి లేవకుండా మలుపు తిప్పాను. పెద్ద రోడ్డులో కలిసే చోట చిన్న ఎత్తు ఉంది. బండి ఎకోలో ఉంది, పిల్లి గాఢనిద్రలో ఉంది, వెనకనుంచి ఒక లారీ వస్తోంది. ఎంత నొక్కినా బండి బద్ధకంగా మూలుగుతోందిగానీ కదలడం లేదు. లారీ హారన్ మోగింది. అత్తయ్య “అయ్యయ్యో” అన్నారు. ఆయన “తొక్కు! ఆపు! తొక్కు!” అన్నారు. ఏది చెయ్యాలో తేల్చుకునేలోపు బండిని రోడ్డు పక్కకి తీయించి ఒకే మాట అన్నారు.

“దిగు.”

దిగాను. బానెట్ ముందు నుంచి చుట్టూ తిరిగి అవతలి వైపు వచ్చాను. లారీ డ్రైవరు కిందకి వంగి నన్ను చూశాడు, బస్సు కోసం నిలబడ్డవాళ్ళు చూశారు. వెనక సీట్లో అత్తయ్య పక్కన కూర్చున్నాను. “సీటు నా పొడవుకి జరిపి పెట్టాలని తెలియదా?” అని ఆయన ముందు సీట్లో విసుక్కుంటూ సీటు వెనక్కి జరుపుకున్నారు. ఇంటికి చేరేసరికి తీర్పు రాసేశారు. “నీ చేతిలో బండికి ప్రాణం ఉండదు. బండి మనిషిని పసిగడుతుంది. చేతిలో ఉండాలి అది.” ఆ తీర్పు ఫోన్‌లో ఆడపడుచుకి, ఆవిడ ద్వారా వాళ్ళాయనకి, మెట్ల మీద ఎదురైన పక్కింటావిడకి చేరింది. నేను నిజంగానే నా చేతుల్ని తిప్పి చూసుకున్నాను. అంట్లు తోమే సబ్బు వాసన తప్ప ఏమీ కనపడలేదు.

ఇప్పుడు మళ్ళీ ఎర్ర అక్షరాల దగ్గరికి వస్తాను.

సోమవారం సాయంత్రం ఆయన ఇంట్లోకి వస్తున్నప్పుడే ఛాతీ ఒక అంగుళం ముందు వచ్చింది. బూట్లు విప్పకుండానే మొదలుపెట్టారు. “అమ్మా, ఇవాళ ఏం జరిగిందో తెలుసా? సిగ్నల్ దగ్గర పెద్ద కారు ఒకటి పక్కన ఆగింది. పచ్చ లైటు పడిందో లేదో, ఇలా కాలు ఆనించానంతే, వాడు నా వెనక అద్దంలో చుక్కంత అయిపోయాడు!”

“నీ చెయ్యిరా అది” అన్నారు అత్తయ్య, ఆయనకి మంచినీళ్ళు ఇవ్వమని నాకు సైగ చేస్తూ.

నేను నీళ్ళు ఇస్తూ, “అది చెయ్యి కాదేమోనండీ, ఆ బటన్...” అన్నాను.

“బండి గురించి నువ్వు చెబుతున్నావా?” అని నవ్వారు. కోపంగా కాదు, ముద్దుగానే నవ్వారు. కోపంగా అని ఉంటే నేను మొత్తం చెప్పేదాన్నేమో. ముద్దు దగ్గర నాకు మాట తిరగదు.

మూడోసారి భోజనాల దగ్గర ప్రయత్నించాను. ఆయన ఒక చేత్తో గ్లాసునీ ఇంకో చేత్తో ఉప్పుడబ్బానీ పట్టుకుని, గ్లాసు తన బండి, డబ్బా లారీ అని ఎలా దాటారో చూపిస్తున్నారు. “ఒక్కమాట” అన్నాను. అత్తయ్య, “వాడిని చెప్పనియ్యవమ్మా, మధ్యలో అడ్డు తగలకు” అన్నారు. మావయ్యగారు ఉప్పు కోసం లారీ ఎప్పుడు ఖాళీ అవుతుందా అని చూస్తున్నారు. ఆయన చెప్పడం పూర్తయ్యాక ఉప్పు మావయ్యగారికి అందింది, నా ఒక్కమాట నా దగ్గరే ఉండిపోయింది.

ఆ తరవాత నేను చెప్పడం మానేశాను. కొన్నాళ్ళకి అది వినోదంగా కూడా తయారైంది. ఆయన నడకే మారిపోయింది. కొత్తగా నల్ల కళ్ళద్దాలు కొన్నారు, అదీ నేను పనిచేసే కళ్ళద్దాల దుకాణంలో కాదు. కాఫీ కప్పు కూడా గేరు వేసినట్టు తిప్పి అందుకునేవారు. ఆఫీసు బస్సు మా వీధి చివరే ఆగుతుంది, ఇదివరకు వారంలో సగం రోజులు అందులోనే వెళ్ళేవారు. ఇప్పుడు రోజూ కారే. “బస్సులో కూర్చుంటే నా చెయ్యి తుప్పు పడుతుంది” అన్నారు. పెట్రోలు ఎక్కువ తాగుతోందని గమనించారుగానీ, దానికి కారణం కూడా కనిపెట్టారు. ఆదివారాలు నేను బండి ఎక్కువ నీళ్ళతో కడగడం వల్ల ఎక్కడో చెమ్మ చేరుతోందట. ఆ వారం నుంచి సగం బకెట్టుతో కడిగాను.

ఈ వైభవం మధ్యలోనే నా దుకాణంలో ఒక సంగతి జరిగింది. నేను కళ్ళద్దాల దుకాణంలో చూపు పరీక్ష చేస్తాను. మనిషిని కుర్చీలో కూర్చోబెట్టి, కంటికి ఒక అద్దం తరవాత ఒక అద్దం మార్చి, “ఇది బాగుందా? ఇదా? మొదటిదా, రెండోదా?” అని అడుగుతుంటాను. నా ఉద్యోగమంతా అడగడం, జవాబు కోసం ఆగడం. చాలామందికి వెంటనే చెప్పడం రాదు. తమకి ఏది బాగుందో తమని ఎవరూ అడగక అలవాటు తప్పినవాళ్ళు, ముఖ్యంగా ఆడవాళ్ళు, “మీరే చెప్పండమ్మా ఏది బాగుంటుందో” అంటారు. మీ కన్ను కదండీ, మీరే చెప్పాలి అంటాను. ఇంటికి వచ్చాక ఆ మాట నాకు నేను చెప్పుకోవడం మరిచిపోతాను.

మా దుకాణం యజమానురాలు ఊరి అవతల, పెద్ద రోడ్డు దాటాక, రెండో దుకాణం తెరుస్తున్నారు. ఒకరోజు నన్ను పిలిచి, “అది నువ్వు చూసుకో” అన్నారు. “కుర్చీ, మెషీను, మనుషులు, తాళాలు అన్నీ నీవే. నీ దగ్గర కూర్చున్నవాళ్ళు తొందరపడి అబద్ధం చెప్పరు. నాకు అలాంటి మనిషి కావాలి.”

నాకు లోపల ఏదో లేచి నిలబడింది. పదకొండేళ్ళ వయసులో ఆ పెద్ద సైకిల్ మొదటిసారి పడకుండా నిలిచినప్పటిలాగా.

“కానీ అటు బస్సు లేదు” అన్నారు ఆవిడ. “వచ్చే నెల మొదటి సోమవారం పొద్దున్న తలుపు తీయాలి. నీకు కారుంది, లైసెన్సుంది. రాగలవా? ఆ ముందురోజు సాయంత్రానికి చెప్పు. నువ్వు కాదంటే ఇంకొకరిని చూసుకోవాలి, ఏమీ అనుకోకు.”

ఇంట్లో చెప్పాను. ఆయన మొదట “బాగుంది” అన్నారు. తరవాత “చూద్దాం” అన్నారు. తరవాత “నేను దింపుతానులే” అన్నారు. ఆ తరవాత “రోజూ దింపడం కుదిరే పనేనా, నువ్వే ఆలోచించు” అన్నారు. కారు నాకిచ్చి మీరు ఆఫీసు బస్సులో వెళ్ళొచ్చు కదా అంటే, ఆయన నన్ను ఎంతో జాలిగా చూశారు. “ఇచ్చేదే. నాకేం అభ్యంతరం? కానీ బండి నీ చేతిలో అందుకోదే. ఆ ఎత్తు దగ్గర నువ్వు నిలబడిపోతే? నీ మంచికే చెబుతున్నాను.” అత్తయ్య, “అంత దూరం పోయి తాళాలు తీయడం ఏం గొప్ప? ఇంట్లో తాళాలు లేవా?” అన్నారు. ఇంట్లో తాళాలు ఆవిడ నడుముకే ఉంటాయి.

ఆ ఆదివారం రానే వచ్చింది. సాయంత్రంలోపు నేను యజమానురాలికి చెప్పాలి. అదే రోజు ఆడపడుచూ వాళ్ళాయనా వచ్చారు. ఆడపడుచు వాళ్ళాయన్ని మా ఇంట్లో వెనకాల ‘తెలుసుగారు’ అంటారు. ఎవరు ఏం చెప్పినా ‘తెలుసు తెలుసు’ అనే మనిషి. మా వారు ఉదయం నుంచే ఆయనకి తన చేతి మహిమ వర్ణిస్తున్నారు. “చెబితే కాదు బావా, చూపిస్తాను పద” అని అందరినీ కారెక్కించారు. ఐదుగురు పట్టే బండిలో ఆరుగురం. ముందు ఆయనా తెలుసుగారూ. వెనక మావయ్యగారు, అత్తయ్య, ఆడపడుచు, మిగిలిన ఆరో మనిషిని నేను, సగం తలుపు మీద, సగం అత్తయ్య మోకాలి మీద.

పెద్ద రోడ్డు ఎక్కేదాకా బండి బాణంలా పోయింది. ఆడపడుచు, “అబ్బ, అన్నయ్య చెయ్యే వేరు!” అంది. ఆయన ఉబ్బిపోయి, “మొన్న తీసిన వీడియో చూడు” అని స్టాండు మీద నుంచి ఫోన్ తీసి తెలుసుగారి చేతిలో పెట్టారు.

తెలుసుగారు వీడియో చూడలేదు. మెడ సాచి మీటరు వైపు చూశారు.

“ఏంటి బావా, బండిని స్పోర్ట్‌లో పెట్టి నడుపుతున్నావు?”

“ఏ స్పోర్టు?”

“ఇదిగో, ఎర్రగా వెలుగుతోందిగా. దీంట్లో పెడితే ఎవరు నడిపినా ఇలాగే దూకుతుంది, తెలుసుగా.”

 ఆయన చెవులు వెనకనుంచి చూస్తే మీటరు మీద అక్షరాల రంగులోకి వచ్చాయి.

“అంటే ఇన్నాళ్ళూ... అన్నయ్య చెయ్యి కాదా?” అంది ఆడపడుచు.

“చెయ్యే!” అన్నారు అత్తయ్య గట్టిగా. “బటనేమైనా స్టీరింగు తిప్పుతుందా?”

మావయ్యగారు కిటికీలోంచి చూస్తూ మెల్లగా అన్నారు. “పెట్రోలు బంకు కుర్రాడు మనల్ని చూడగానే పెళ్ళివారిని చూసినట్టు ఎదురొస్తున్నప్పుడే అనుకున్నాను.”

“ఎవరు నొక్కారు దీన్ని?” అన్నారు మా వారు. అడిగారేగానీ, ఆయన కళ్ళు అప్పటికే అద్దంలో నన్ను పట్టుకున్నాయి. మిగతా తలలన్నీ నా వైపు తిరిగాయి. మా ఇంట్లో కారు ఎవరు తుడుస్తారన్నది అందరికీ ఒక్కసారే గుర్తొచ్చింది. అన్ని ఆదివారాల్లో మొదటిసారి.

“నేనేనండీ. తుడుస్తుంటే పడింది. మూడుసార్లు చెప్పబోయాను.”

“చెప్పబోతే సరిపోతుందా? చెప్పాలి!” అన్నారు.

“అదేమ్మా, ఒక్కమాట అనకూడదూ?” అన్నారు అత్తయ్య. నా దగ్గరుండిపోయిన ఆ ఒక్కమాటని తెచ్చి ఇప్పుడు ఆవిడకి ఇవ్వాలనిపించింది.

ఆయన ఆ బటన్ని టిక్కుమని నొక్కి ఆకుపచ్చకి తెచ్చారు. బండిని వెనక్కి తిప్పి ఇంటి దారి పట్టారు. దారిలో టీ తాగుదామని తెలుసుగారు అన్నా ఆపలేదు. అడ్డదారిలో మా మలుపు తప్పి, మళ్ళీ పెద్ద రోడ్డులో కలిసే చోటికి వచ్చాం. అదే చోటు. అదే చిన్న ఎత్తు. బండిలో ఆరుగురం. ఆకుపచ్చ అక్షరాలు.

వెనకనుంచి లారీ వస్తోంది.

ఆయన కాలు ఆనించారు. బండి మూలిగింది. ఇంకా ఆనించారు. బండి మూలుగుతూనే ఉంది, కదిలీ కదలనట్టు కదిలింది. లారీ హారన్ మోగింది. అత్తయ్య “అయ్యయ్యో” అన్నారు. తెలుసుగారు అమాయకంగా, “పికప్ లేదేంటి బావా?” అన్నారు.

ఆ రోజు విన్న మాట మళ్ళీ ఎవరైనా అంటారేమోనని చూశాను. చాలాసేపు చూశాను. ఎవరూ ‘దిగు’ అనలేదు. ఆయన స్టీరింగు దగ్గరే ఉన్నారు. బండి ఎలాగో పైకి ఎక్కింది. లారీ మమ్మల్ని దాటుకుని పోయింది. ఆ డ్రైవరు కూడా వంగి చూశాడు. ఆయన మాత్రం, “రోడ్డే బాగాలేదు” అన్నారు. అందరూ రోడ్డుని తిట్టారు.

నాకు నవ్వొచ్చింది. ఇరుకులో నవ్వితే పక్కవాళ్ళకి తెలిసిపోతుంది, అందుకని తలుపుకేసి తిరిగి కొంగు నోటికి అడ్డం పెట్టుకున్నాను. అత్తయ్య, “కళ్ళు తిరుగుతున్నాయా?” అని అడిగారు. తిరగడం లేదత్తయ్యా అన్నాను. నిజంగానే తిరగడం లేదు. ఒక అద్దం తీసి ఇంకో అద్దం పెట్టినప్పుడు మసకగా ఉన్న అక్షరాల వరస ఒక్కసారిగా తేటపడుతుంది చూడండి, అలా ఉంది. ఇన్నాళ్ళూ నేను నా చేతుల్ని అనుమానించాను. సబ్బు వాసన వేసే ఈ చేతుల్లో ఏ లోపమూ లేదు. ఆ రోజు పెడల్ మీద పిల్లిని పడుకోబెట్టింది నేను కాదు.

ఇంటికి వచ్చాక ఆయన తిన్నగా మందుల డబ్బా దగ్గరికి వెళ్ళారు. అందులోంచి మావయ్యగారి దెబ్బలకి వేసే పట్టీ ఒకటి తీసి, కారు దగ్గరికి వెళ్ళి, ఆ బటన్ మీద అడ్డంగా అంటించి వచ్చారు. గాయమైంది ఆ బటన్‌కే అన్నట్టు. “ఇక దాని జోలికి ఎవరూ పోవద్దు” అన్నారు అందరితో, నన్ను చూస్తూ.

వంటింట్లో కుళాయి తిప్పి, ఆ చప్పుడులో యజమానురాలికి ఫోన్ చేశాను.

“మేడమ్, పొద్దున్న నేనే తీస్తానండి తలుపు.”

“ఇంట్లో అడిగావా?”

“చెప్పబోయానండి” అన్నాను. ఆవిడకి అర్థం కాకపోయినా నవ్వారు.

మా ఇంట్లోంచి మాట చెప్పకుండా బయటికి వెళ్ళగలిగేది ఆయన ఒక్కరే. పొద్దున్న బూట్లు వేసుకుంటారు, తలుపు చప్పుడవుతుంది, అంటే వెళ్ళారని అర్థం. నేను వెళ్ళాలంటే పావుగంట చెప్పాలి. అన్నం గిన్నె మీద మూత పెట్టానని, మావయ్యగారి పొద్దుటి మాత్ర నీలం డబ్బాలో ఉందని, బట్టలు వాన పడితే తీయమని, పాలవాడు వస్తే రెండు చాలనమని, సాయంత్రం త్వరగా వచ్చేస్తానని. గడప దాటాక కూడా ఏదో ఒకటి గుర్తొచ్చి వెనక్కి వచ్చి చెబుతాను. అన్నీ విన్నాక అత్తయ్య, “అయితే ఎక్కడికి వెళుతున్నావు?” అని మొదటినుంచి అడుగుతారు.

సోమవారం పొద్దున్న అన్నం వండి మూత పెట్టాను. మాత్ర నీలం డబ్బాలోనే ఉంది, ఎప్పుడూ అక్కడే ఉంటుంది. మావయ్యగారు పేపరు చదువుతున్నారు, అత్తయ్య జుట్టు చిక్కు తీసుకుంటున్నారు, ఆయన బాత్రూములో నోట్లో బ్రష్షుతో తిరుగుతున్నారు. మేకుకి తగిలించిన కారు తాళం తీసుకున్నాను. నోరు తెరవబోయి, మళ్ళీ మూసుకున్నాను. చెప్పాల్సిన వాటన్నిటికీ మూతలు పెట్టి ఉన్నాయి. తలుపు తీసి మెట్లు దిగాను.

కారులో కూర్చుని సీటు నా పొడవుకి ముందుకి జరుపుకున్నాను. అద్దం నా కళ్ళ ఎత్తుకి దించుకున్నాను. ఫోన్ స్టాండుని పీకి అరలో పెట్టాను, ఏ రంగు వెలుగుతోందో నాకు కనపడాలి. బటన్ మీది పట్టీని ఒక మూల నుంచి మెల్లగా లాగితే వచ్చేసింది. కింద గాయమేమీ లేదు. ఒక్కసారి నొక్కాను. నార్మల్. వీధిలో ఇది చాలు. ఎత్తు దగ్గర ఎర్రది కావాలి, అది దాటాక మళ్ళీ ఆకుపచ్చ సరిపోతుంది. మూడూ వాడుకోవడానికే ఇచ్చారు.

కాలు పెట్టి చూసుకున్నాను. పెడల్ మీద పిల్లీ లేదు, ఎవరూ లేరు. నా కాలే ఉంది.

గేటు దగ్గర అద్దంలో చూస్తే ముగ్గురూ వాకిట్లోకి వచ్చి నిలబడ్డారు. ఆయన నోట్లో బ్రష్షు, అత్తయ్య చేతిలో దువ్వెన, మావయ్యగారి చంకలో పేపరు. ఏదో అడుగుతున్నారు, పెదవులు కదులుతున్నాయి. మావయ్యగారు మాత్రం చెయ్యెత్తి, బండికి దూరంగా జరగమని వాళ్ళిద్దరికీ సైగ చేశారు. కారు అద్దాలు మూసి ఉన్నాయి. నేనేమీ చెప్పలేదు. వీధిలోకి తిప్పాను.